నానో కణాలు వేస్తే పైపులో హైడ్రేట్ అడ్డుపడదా?

'ఆయిల్ పైపులో నానో సిలికా కలిపితే హైడ్రేట్ కట్టదు కదా' అని అడిగారు. హైడ్రేట్ అంటే నీరు, గ్యాస్ కలిసి కట్టే మంచులాంటి గడ్డ; నానో సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థపు అతి సన్నని పొడి. ఏ సిలికా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను ఎంటెక్ ప్రాజెక్టులో ఇదే నమ్మకంతో దిగి బోల్తా పడ్డాను.

మాది చిన్న సెటప్. గాజు కిటికీ ఉన్న స్టీలు పాత్రలో నీళ్లు, 80 బార్ల మీథేన్, 4 డిగ్రీల చలి. ఆ చలిలో ఒత్తిడి సుమారు 40 బార్లు దాటితే చాలు, నీటి అణువులు పంజరంలా అల్లుకుని గ్యాస్‌ను లోపల బంధిస్తాయి. అదే హైడ్రేట్, చూడ్డానికి అచ్చం మంచే. కాస్త అరచేతిలో వేసుకుంటే చిటపటలాడుతూ కరుగుతుంది. మామూలు సిలికా పొడి కలిపిన రోజు, ఉత్త నీళ్లకన్నా ముందే కట్టేసింది! స్టిరర్ మోటారు మూలిగి మూలిగి ఆగిపోయింది. నీటిని ఇష్టపడే కణం హైడ్రేట్ మొదలవడానికి చోటిస్తుందని అప్పుడు తెలిసింది. గ్యాస్ నిల్వ మీద పరిశోధన చేసేవాళ్లు కొందరు ఇలాంటివి కావాలనే కలుపుతారు.

తర్వాత నీరు అంటని పూత ఉన్న సిలికాను నూనెలో కలిపి చూశాం. అది నీటి బొట్ల చుట్టూ కవచంలా చేరింది. హైడ్రేట్ కట్టడం ఆగలేదు కానీ, ముద్ద కాకుండా జావలా కదులుతూనే ఉంది. పైపులో ప్రవాహం ఆగకపోతే చాలు కాబట్టి ఇది మంచి ఫలితమే. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఒడ్డుకు చేరాక నూనెనీ నీళ్లనీ విడదీయాలి కదా, ఆ కవచం వదలదు. మా సీసాలో వారం తర్వాత కూడా మజ్జిగలాగే ఉంది.

అందుకే ఫీల్డులో ఇప్పటికీ ఎక్కువగా వాడేది హైడ్రేట్ కట్టకుండా ఆపే మిథనాల్, గ్లైకాల్ అనే ద్రవాలే. గ్లైకాల్‌ను శుద్ధి చేసి మళ్లీ వాడుకోవచ్చు. హైడ్రేట్‌ను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2010 మేలో మెక్సికో గల్ఫ్‌లో చూశాం. దాదాపు 1500 మీటర్ల లోతున చమురు కారుతున్న బావి మీద, దాన్ని పట్టేందుకు పెద్ద ఉక్కు గోపురం దించితే, లోపల హైడ్రేట్ పేరుకుని అది పనికిరాకుండా పోయింది.

మీరూ ప్రాజెక్టు చేస్తుంటే ముందు కణం పూత ఏమిటో కనుక్కోండి. ఒక్కో మిశ్రమాన్ని కనీసం ఐదారుసార్లు నడపండి. అవే నీళ్లు, అదే ఒత్తిడి అయినా ఒకరోజు గంటలో కడుతుంది, ఇంకోరోజు సాయంత్రం దాకా కట్టదు. రెండు రన్‌లతో గ్రాఫ్ తీసుకెళ్తే మా గైడ్ నన్నడిగినట్టే మిమ్మల్నీ అడుగుతారు: 'ఇది కణం చేసిన పనా, నీ అదృష్టమా?'