జనవరి 6న సభ పెడుతున్న మనవరాలికి

చిరంజీవి బంగారుతల్లికి తాతయ్య ఆశీస్సులు.

జనవరి 6న నెల్లూరు పురమందిరంలో సంగీత సభ పెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. త్యాగరాజస్వామినీ ఏ.ఆర్. రెహమాన్‌నూ ఒకే పూట తలుచుకోవాలన్న ఆలోచన నీకు తట్టినందుకు ఎంత పొంగిపోయానో! అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హాలు ముందే మాట్లాడుకో, మైకులు మధ్యాహ్నమే సరిచూసుకో, జనరేటరు సంగతి అడుగు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా కరపత్రం గురించే. స్వామి తిరువయ్యారులో సిద్ధి పొందింది 1847 జనవరి 6న. రెహమాన్ మద్రాసులో పుట్టింది 1967 జనవరి 6న. మధ్య సరిగ్గా 120 ఏళ్లు. ఇద్దరి బొమ్మలూ వేయించి పైన ‘జన్మదిన శుభాకాంక్షలు’ అని అచ్చు వేయించకు తల్లీ. ‘ఆరాధన’ అని కూడా వేయించకు. ఆరాధన చేసేది తేదీని బట్టి కాదు, స్వామి సిద్ధి పొందిన తిథిని బట్టి, అంటే పుష్య బహుళ పంచమికే. అది 2024లో జనవరి 30న వచ్చింది, 2025లో జనవరి 18న.

వెనకటికి ఒంగోలులో ఒక సభవారు ఈ పొరపాటే చేశారు. పంచమి ఇంకా చాలా దూరం ఉండగా, జనవరి 6నే ఆరాధనోత్సవమని గోడలకు అంటించారు. మీ నాయనమ్మకు వీణ నేర్పిన పంతులమ్మగారు వేదిక దాకా వచ్చి, ‘ఇవాళ తిథి ఏమిటి నాయనా?’ అని అడిగారు. కార్యదర్శి క్యాలెండరు చూపించాడు. ఆవిడ మారు మాట్లాడలేదు. వీణకు గుడ్డ కప్పించి, రిక్షా ఎక్కి వెళ్లిపోయారు. శిష్యులందరూ ఆవిడ వెంటే నడిచారు. ఆరాధనలో పాడే స్వామి ఐదు కృతులు, పంచరత్నాలు, ఎత్తుకునే గొంతులే కరవయ్యాయి. తీరా పంచమి వచ్చేసరికి చందాల డబ్బు అయిపోయింది. స్వామి పూర్వీకులది మన అర్ధవీడు దగ్గరి కాకర్ల. అంతటివాడికి ఆ ఏడు ఒంగోలులో ఆ సభవారు ఆరాధనే చేయలేకపోయారు. మీ నాయనమ్మ ఇంట్లోనే దీపం వెలిగించి, ఐదు కృతులూ ఒక్కతే పాడింది. వరాళి రాగం గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పకూడదంటారు కదా, అందుకని ఆ రాగంలోని ‘కనకనరుచిరా’ పంతులమ్మగారు పాడుకుంటుంటే విని పట్టుకుందట. ఆ వేళ ఎంత బాగా పాడిందో నేను చెప్పలేను.

కాబట్టి ‘సంగీత చరిత్రలో జనవరి 6’ అని పేరు పెట్టు. 1838లో పుట్టిన జర్మన్ స్వరకర్త మాక్స్ బ్రుక్, 1993లో పోయిన జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ కూడా ఈ తేదీవారే. వాళ్లకూ రెండు మాటలు కేటాయించు. ముందు స్వామి కృతులు, తర్వాత రెహమాన్ పాటలు. 1992 నాటి ‘రోజా’లో మన నెల్లూరు బాలుగారు పాడిన పాటతో ఎత్తుకుంటే హాలంతా నీతో పాడుతుంది. కానీ వేళ మించిందని ‘ఎందరో మహానుభావులు’ చరణాలు కత్తిరించావో, నీతో మాట్లాడను.

ఖర్చంతా నీ జీతంలోంచేనట! ఎవరినడిగి? సగం నేను పంపిస్తున్నాను, వద్దనకు. సభ అయ్యాక అర్ధరాత్రి బస్సు ఎక్కవద్దు. అత్తయ్య ఇంట్లో పడుకుని తెల్లవారాక బయలుదేరు. కరపత్రం అచ్చుకిచ్చే ముందు ఒక్కసారి నాకు చూపించు.

తాతయ్య