హల్మొనికి ఏమని రాయాలి?

ప్రశ్న: మా పక్క వాటాలో రెండేళ్లు ఉన్న కొరియా పెద్దావిడ, కొడుకు ఉద్యోగ కాలం ముగియడంతో స్వదేశానికి వెళ్లిపోయారు. నన్ను మనవరాలిలా చూసుకున్న ఆవిడకు, సీరియళ్లలో విని నేర్చుకున్న ‘సరంగ్‌హే’ (ప్రేమిస్తున్నాను), ‘పొగో షిపొ’ (నీ మీద బెంగగా ఉంది) అనే మాటలతో ఉత్తరం రాయవచ్చునా?
– ఒక పాఠకురాలు, పెనుకొండ

జవాబు: మాటలు మంచివే కానీ, మీరు నేర్చుకున్న రూపంలో మాత్రం రాయకండి. సీరియళ్లలో వాటిని ఎక్కువగా చెప్పుకునేది ప్రేమికులు. వారు వాడేది ‘బన్మల్’, అంటే చనువున్నవారితోనూ చిన్నవారితోనూ మాట్లాడే తీరు. చివర ‘యో’ చేర్చి ‘సరంగ్‌హేయో’, ‘పొగో షిపొయో’ అంటే మర్యాద వస్తుంది. సొంత మనవలు చనువుకొద్దీ ఆ ‘యో’ను వదిలేస్తారేమో కానీ, మీరు వదలకపోవడమే మేలు.

ఈ వాక్యాల్లో ‘నేను’, ‘మీరు’ అనేవి లేవని గమనించారా? మన వాక్యంలాగే అక్కడా క్రియ చివరికి వస్తుంది, కర్త లేకపోయినా అర్థం చెడదు. నిఘంటువులో ‘మీరు’కు ‘టంగ్‌షిన్’ అని కనిపిస్తుంది కానీ, అది భార్యాభర్తల మధ్యనో, లేదా వీధి తగవులోనో వినిపించే మాట కనుక పెద్దావిడ విషయంలో దాని జోలికి పోకండి. ‘హల్మొని’, అంటే అమ్మమ్మ లేదా నానమ్మ, అని పిలిస్తే చాలు.

నన్నడిగితే రెండింటిలో ‘పొగో షిపొయో’ వైపే మొగ్గుతాను. దాని అర్థం అచ్చంగా ‘చూడాలని ఉంది’ అనే. దూరాన ఉన్నవారికి మనమూ అదే రాస్తాము. ‘సరంగ్’ అనే మాటకు కూడా 15వ శతాబ్దపు కొరియన్ రచనల్లో ‘తలచుకోవడం’ అనే అర్థం ఉండేది.

అంతకంటే ముందు భోజనం సంగతి అడగండి. స్నేహితులనైతే ‘బాప్’ (అన్నం) తిన్నావా అని అడుగుతారు. పెద్దవారి విషయంలో ఆ అన్నానికే పేరు మారి ‘చిన్‌జి’ అవుతుంది, తినడమనే క్రియ కూడా మారుతుంది. ‘చిన్‌జి తుషొస్సొయో?’ అని రాస్తే, అది మన ‘భోంచేశారా?’ అన్నంత ఆప్యాయంగా ఆవిడకు చేరుతుంది. ఉత్తరం పైన ‘హల్మొనిక్కె’ అని రాయడం మరవకండి. ఆ ‘క్కె’ మన ‘గారికి’ వంటిది.