ఏడాదిన్నర బాబుకి జలుబు చేస్తే నీలగిరి తైలం రాయొచ్చా?

రాయొద్దండీ. ఛాతీకీ వద్దు, ముక్కు దగ్గరా వద్దు. "మా పిల్లలందరికీ రాశాం, ఏమైంది?" అని మీ అత్తగారు అంటారు. మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర చలికాలమంతా ఇదే మాట వింటుంటాను. రెండేళ్లలోపు పిల్లలకి ఆ ఘాటు మొహం దగ్గర తగిలితే గొంతు, ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోవచ్చు. ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, తల కింద కాస్త ఎత్తు పెట్టుకుని మీరే ఒళ్లో పడుకోబెట్టుకోండి. జలుబు దానంతటదే పోతుంది.

అసలు రాయడం కంటే ఆ సీసా ఇంట్లో అందేచోట ఉండటమే నాకు ఎక్కువ భయం. మా చెల్లెలు వాళ్లు ఊటీ వెళ్లి, అందరిలాగే చాక్లెట్లూ నీలగిరి తైలమూ తెచ్చారు. సీసాని కిటికీ గట్టు మీద, పాప విటమిన్ చుక్కల పక్కనే పెట్టారు. రెండూ ఒకే సైజు, ఒకే గోధుమరంగు. సంక్రాంతికి నేను వెళ్లిన రోజున పాప దగ్గుతూ వచ్చింది, నోరంతా అదే వాసన. మా పెద్దమ్మ ఉప్పునీళ్లు తాగించి కక్కించమంది. పక్కింటావిడ పాలు పట్టుకొచ్చింది. రెండూ వద్దని గట్టిగా అరిచాను. కక్కేటప్పుడు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది, అది మరీ ప్రమాదం.

బండి మీద తీసుకెళ్తుంటే దారిలోనే పాప కళ్లు వాల్చేసింది. "ఏడ్చి ఏడ్చి పడుకుందన్నయ్యా, కాస్త నెమ్మదించినట్టుంది" అంటుంది మా చెల్లెలు వెనక నుంచి. అది నిద్ర కాదు, మత్తు. ఈ తైలం ఒంట్లోకి పోతే అరగంటలోపే మత్తు రావచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. చిన్నపిల్లలకి అలా అవడానికి ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు కూడా అక్కర్లేదు. డ్యూటీ డాక్టరు మొదట అడిగింది "సీసా తెచ్చారా?" అని. తెచ్చాను. కానీ దాని మీద ఏముంది? ఒక కొండ బొమ్మ, "100% ప్యూర్" అన్న ముక్క. బ్యాచ్ నంబరు లేదు, అందులో ఏం కలిపారో లేదు, పిల్లలు తీయలేని మూతా లేదు. పారాసెటమాల్ సీసాకి ఇన్ని రూల్సు పెట్టిన దేశంలో దీన్ని వేరుశెనగల్లా రోడ్డు పక్కన అమ్ముతారు! రాత్రంతా ఆక్సిజన్ పెట్టి కనిపెట్టుకుని ఉన్నారు. పొద్దున లేచి ఇడ్లీ అడిగింది, బతికిపోయాం.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మనకి ఘాటుగా ఉంటేనే మందు. పైగా "నేచురల్" అంటే ఇక ఎదురులేదు. ఉమ్మెత్తకాయ కూడా నేచురలే కదండీ! పిల్లల మెడలో కర్పూరం మూట కట్టేవాళ్లకీ ఇదే చెప్తాను, కర్పూరం నోట్లో పెట్టుకున్నా ఫిట్స్ వస్తాయి. దోమల మెషీన్ రీఫిల్లులో కర్పూరం, నీలగిరి తైలం కలిపి పోయమని వాట్సాప్‌లో తిప్పే మహానుభావులు దొరికితే నాకు పట్టివ్వండి.

పెద్దవాళ్లు వాడుకోవచ్చు. ఒళ్లు నొప్పులకైతే మూడు టీస్పూన్ల కొబ్బరినూనెలో ఆరు చుక్కలు చాలు, ఉత్తగా రాస్తే చర్మం మండుతుంది. ఫిట్స్ ఉన్నవాళ్లు మాత్రం రాయడమూ వద్దు, పీల్చడమూ వద్దు. ఆవిరి పట్టేటప్పుడు గిన్నె మంచం మీదా ఒళ్లోనూ పెట్టుకోకండి. కరోనా రోజుల్లో జలుబు తగ్గించుకోబోయి తొడలు కాల్చుకుని బర్నాల్ కోసం వచ్చినవాళ్లని చూశాను. నన్నడిగితే ముక్కు దిబ్బడ వదిలించేది వేడి ఆవిరే, తైలం ఉత్త వాసన. మా ఖమ్మం వైపు పేపరు మిల్లు కోసం వేసిన జామాయిల్ తోటల్లో ఆకు కోసుకొచ్చి మరిగిస్తారు. అది ఊటీ రకం కాదు, నూనె తక్కువ. అయినా వాళ్ల జలుబూ తగ్గుతూనే ఉంది.

నేను దీన్ని నిజంగా మెచ్చుకునేది ఒక్క పనికే. కొత్త స్టీలు గిన్నె మీద స్టిక్కరు పీకాక జిగురు మిగుల్తుంది చూడండి, దూదితో నాలుగు చుక్కలు రుద్దితే మరక లేకుండా పోతుంది. తర్వాత సబ్బుతో కడిగేయండి. వెలిగే స్టవ్ పక్కన మాత్రం చేయకండి, ఇట్టే అంటుకుంటుంది.