టెక్ సందేహాలు: రాడార్‌లో వాన, వాకిట్లో ఎండ

ఏప్రిల్ సగం దాటిందంటే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరు మారిపోతుంది. ఫోను వేడెక్కుతోంది, బ్యాటరీ నిలవడం లేదు అన్న ఫిర్యాదులు వెనక్కి పోయి, వాన యాప్‌ల మీద అనుమానాలు కుప్పలు పడతాయి. ఎండాకాలపు గాలివానలే అలాంటివి. కాజీపేటలో కాలువలు పొంగిన సాయంత్రం మామునూరులో దుమ్ము కూడా అణగదు. ఒక మండలంలో మామిడికాయలు నేలపాలైతే పక్క మండలంలో ఉక్కపోత తప్ప ఏమీ మిగలదు. అందుకే ఈసారి అన్నీ ఆ ప్రశ్నలే తీసుకున్నాను.

నా ఫోన్‌లో మూడు వాతావరణ యాప్‌లు ఉన్నాయి. సాయంత్రం 4 గంటలకు ఒకటి 60 శాతం వాన అంటుంది, ఇంకొకటి 10 శాతం అంటుంది, మూడోది సూర్యుడి బొమ్మ పెడుతుంది. కాసేపాగి చూస్తే అంకెలన్నీ మారిపోతాయి. దేన్ని నమ్మాలి?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

ఫలానా గంటకు, ఫలానా వీధికి అయితే దేన్నీ నమ్మవద్దు. అవి అబద్ధాలాడుతున్నాయని కాదు, వాటికి అందని విషయం మనం అడుగుతున్నాం. ఈ యాప్‌లలో చాలావరకు చూపేది కంప్యూటర్ నమూనాల లెక్క. అమెరికా వారి జీఎఫ్ఎస్ భూమిని సుమారు 13 కిలోమీటర్ల గళ్లుగా, యూరప్ వారి ఈసీఎండబ్ల్యూఎఫ్ సుమారు 9 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టుకుంటాయి. మన దేశం 2025 మే నెలలో తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లకు తగ్గింది. మెచ్చుకోదగ్గ మెరుగుదలే. కానీ ఎండాకాలపు ఉరుముల మేఘం తరచుగా అయిదు, పది కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. పుట్టి, పెరిగి, కురిసి, చెదిరిపోవడానికి దానికి ఓ గంట చాలు. ఒక్క గడిలోనో రెండు గళ్లలోనో ఇమిడిపోయే మేఘాన్ని నమూనా సరిగ్గా పట్టుకోలేదు. పొయ్యి మీద ఎసరు ఎంతసేపటికి మరుగుతుందో చెప్పవచ్చు, మొదటి బుడగ గిన్నెలో ఏ మూల లేస్తుందో ఎవరు చెబుతారు? అంకెలు మారడానికి కారణం కూడా చిన్నదే. జీఎఫ్ఎస్ రోజుకు నాలుగుసార్లు మొదటి నుంచి లెక్క వేస్తుంది, కొత్త లెక్క రాగానే పాత శాతం చెరిగిపోతుంది.

అలాగని నమూనాలు దండగ కాదు. ఎసరు మరిగే రోజా కాదా అన్నది అవి బాగానే చెబుతాయి. పొద్దున విండీ యాప్ తెరిచి రెండు పొరలు చూడండి. ఒకటి డ్యూ పాయింట్, అంటే గాలి ఎంత చల్లబడితే అందులోని తేమ నీటి బిందువులుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత. మే నెలలో వరంగల్‌లో ఎండ 42 డిగ్రీలున్నా డ్యూ పాయింట్ 12 దగ్గర ఉంటే వాయవ్యం నుంచి పొడిగాలి వీస్తున్నట్టు. ఆ రోజు చెమట ఆరిపోతుంది, మేఘం లేవదు. అదే 22, 23 ఉంటే బంగాళాఖాతం తేమ లోపలి దాకా వచ్చినట్టు. రెండోది కేప్ సూచిక. గాలి పైకి ఎగబాకడానికి ఎంత శక్తి సిద్ధంగా ఉందో అది చూపుతుంది. కిలో గాలికి 2,000 జౌళ్లు (శక్తి కొలత) దాటితే సరుకు ఉన్నట్టే. అయితే పైన వెచ్చని గాలి పొర ఒకటి మూతలా కూర్చుంటే ఆ శక్తి అంతా అడుగునే ఉడికి సాయంత్రానికి చల్లారిపోతుంది. భారీ కేప్ చూసి స్నేహితులందరికీ సందేశాలు పంపి, రాత్రికి చుక్కలు లెక్కపెట్టుకునే ఔత్సాహికులు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

వాతావరణ శాఖ బులెటిన్‌ను కూడా ఇదే కంటితో చదవాలి. ఒకటి రెండు చోట్ల వానలు అన్నారంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో పావు వంతుకు మించకుండా కురుస్తుందని లెక్క. అంటే ముప్పావు వంతు మందికి వాన పడకపోయినా బులెటిన్ తప్పినట్టు కాదు. మధ్యాహ్నం రెండు దాటాక నేను శాతాల వైపు చూడను. రాడార్, ఉపగ్రహ చిత్రం, పిడుగుల మ్యాపు, ఈ మూడే. 2024 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఇన్శాట్-3డీఎస్ తీసే చిత్రాల్లో, పగటిపూటైతే, రాడార్‌కు చినుకు కనిపించక ముందే మేఘం గుబురుగా లేవడం చూడవచ్చు.

కొనుగోలు కేంద్రంలో యాసంగి వడ్లు ఆరబోశాం. రాడార్‌లో మా ఊరి మీద పసుపు రంగు చూసి పరుగున టార్పాలిన్లు కప్పాం. చుక్క పడలేదు. మర్నాడు రంగు ఏమీ లేదని ఊరుకుంటే అరగంటలో రాళ్లవాన కొట్టింది. రాడార్ చెడిపోయిందా?
– రైతు, పరకాల ప్రాంతం

రాడార్ బాగానే ఉంది. అది చూస్తున్నది మీ కల్లాన్ని కాదు, కల్లం మీది ఆకాశాన్ని. వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ హైదరాబాద్‌లో ఉంది. అక్కడి నుంచి పరకాల సూటిగా 150 కిలోమీటర్ల పైచిలుకు. భూమి గుండ్రం కనుక రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేలను వదిలి పైకి తేలిపోతుంది. అర డిగ్రీ పైకెత్తి పంపిన కిరణం మీ ఊరు చేరేసరికి రెండున్నర కిలోమీటర్ల ఎత్తు దాటుతుంది. ఆదిలాబాద్ మీదికి వచ్చేసరికి అయిదు కిలోమీటర్లు దాటిపోతుంది. అందుకే ఆదిలాబాద్ వాళ్లు నాగపూర్ రాడార్ చూసుకోవడం మేలు, వాళ్లకు అదే దగ్గర.

ఇక మొదటి రోజు సంగతి. రెండున్నర కిలోమీటర్ల పైన చినుకులు నిజంగానే ఉన్నాయి. కానీ కింద ఉన్నది నలభై డిగ్రీల పొడిగాలి. చినుకు నేలకు దిగేలోపే ఆవిరైపోయింది. మీరు గమనించారో లేదో, అలాంటి సాయంత్రాల్లో వాన రాకున్నా ఈదురుగాలి మాత్రం దుమ్ము లేపుకుంటూ వస్తుంది. చినుకులు ఆవిరైనప్పుడు చుట్టూ ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా కిందికి దిగి నేల మీద నలువైపులా పరుచుకుంటుంది. రేకులు లేచిపోయేదీ, టార్పాలిన్ ఎగిరిపోయేదీ ఆ గాలికే. కాబట్టి కప్పితే సరిపోదు, అంచుల మీద బరువులు పెట్టాలి.

రెండో రోజు రాళ్లవానకూ మూలం అలాంటి గాలే కావచ్చు. అలా పరుచుకున్న చల్లగాలి పక్కనున్న వేడిగాలిని పైకి నెడుతుంది, అక్కడ కొత్త మేఘం పుడుతుంది. జమ్మికుంట మీది మేఘం చచ్చిపోతూ పరకాల మీద పిల్ల మేఘాన్ని లేపవచ్చు. అది ఎక్కడి నుంచో నడిచి రాలేదు కనుక రాడార్‌లో ముందు జాడ ఉండదు. పైగా చిత్రం సుమారు పది నిమిషాలకు ఒకసారి మారుతుంది, మన ఫోన్‌కు చేరేసరికి ఇంకాస్త పాతబడుతుంది.

మీకు పనికొచ్చే పద్ధతి ఇదీ. మాక్స్ జెడ్ అనే చిత్రం తెరవండి. రాడార్ పంపిన తరంగం చినుకులకు తగిలి తిరిగి రావడమే ప్రతిధ్వని. ఒక చోట నిట్టనిలువుగా ఎంత ఎత్తున ఉన్నా అన్నిటికన్నా బలమైన ప్రతిధ్వనిని అది చూపుతుంది. పై అంచునా కుడి అంచునా ఉండే పట్టీలు మేఘం ఎత్తు చెబుతాయి. రంగుల కొలమానంలో 20, 30 డీబీజెడ్ (ప్రతిధ్వని బలానికి కొలత) ఉంటే వాన భయం తక్కువ, అదే ఆవిరయ్యే రకం. 45 దాటితే గట్టి వాన. 55 దగ్గరికి వచ్చి, మేఘం 12 కిలోమీటర్లకు మించి ఎదిగి ఉంటే రాళ్లు పడే అవకాశం ఉందని అర్థం. ఇరవై నిమిషాల తేడాతో రెండు చిత్రాలు దాచుకుని మేఘం ఎంత జరిగిందో చూడండి. పది కిలోమీటర్లు జరిగితే గంటకు ముప్పై కిలోమీటర్ల వేగం. అది మీ వైపే వస్తూ ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటే గంట సమయం ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ గాలి ముందే వస్తుంది కనుక నలభై నిమిషాలే అనుకోండి. పది సార్లు కప్పితే ఏడు సార్లు వృథా కావచ్చు. తడిసిన వడ్ల తేమ శాతం మీద కొనుగోలు కేంద్రంలో పడే పాట్లు తెలిసినవారికి ఆ ఏడు సార్ల శ్రమ ఎక్కువేమీ కాదు.

సాయంత్రం నాలుగింటికి చూస్తే రాడార్ చిత్రం మీద 10:30 అని ఉంటుంది. అదీ కాక పొద్దుగూకే వేళ పడమటి నుంచి కేంద్రం దాకా సన్నని గీత వస్తుంది. అది వాన కాదు కదా?
– పాఠకుడు, జనగామ

సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉంటుంది. 5 గంటల 30 నిమిషాలు కలుపుకోండి, 10:30 సరిగ్గా మన నాలుగు గంటలవుతుంది. గీత మాత్రం సూర్యుడిది. సూర్యుడి నుంచి రేడియో తరంగాలు కూడా వస్తాయి. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో రాడార్ గిన్నె సూటిగా అటు తిరిగినప్పుడు వాటినే ప్రతిధ్వని అనుకుని గీస్తుంది. మే నెలలో ఆ గీత నేరుగా పడమర కాకుండా కాస్త వాయవ్యానికి ఒరిగి ఉంటుంది, గమనించి చూడండి.

దామిని యాప్ పెట్టుకున్నాను. పక్క ఊళ్లో పిడుగు పడి పశువులు చనిపోయినా నా ఫోన్ మోగలేదు. ఉరుములప్పుడు ఫోన్ వాడితే పిడుగు పడుతుందని మా బడి పిల్లలు కూడా అడుగుతున్నారు.
– ఉపాధ్యాయురాలు, మహబూబాబాద్ జిల్లా

దామిని పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. మీరున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాలు గీసి పిడుగుల కదలిక చూపుతుంది. మోగకపోవడానికి సాధారణంగా కారణం ఫోనే. బ్యాటరీ పొదుపు పేరుతో వాడని యాప్‌లను అది నిద్రపుచ్చుతుంది. సెట్టింగ్స్‌లో దామినికి బ్యాటరీ ఆంక్షలు తీసేయండి, లొకేషన్ అనుమతి 'ఎల్లప్పుడూ' అని మార్చండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్‌ను కూడా పక్కన ఉంచుకోండి. ఇంత చేసినా మొదటి పిడుగుకు ముందే ఫోన్ మోగుతుందన్న భరోసాతో పొలంలో ఉండకూడదు.

అంతకన్నా నమ్మకమైన లెక్క పిల్లలకు నేర్పండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపించిందంటే లోపలికి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. చెట్టు కింద నిలబడడం అన్నిటికన్నా చెడ్డ పని.

ఫోన్ పిడుగును పిలవదు. అయితే చార్జింగ్ పెట్టి మాట్లాడవద్దు. ప్రమాదం తీగతో వస్తుంది, పిడుగు ఎక్కడో కరెంటు లైను మీద పడినా ఆ దెబ్బ ప్లగ్గు దాకా రావచ్చు. పాత ఏఎం రేడియో ఇంట్లో పడి ఉంటే బడికి తీసుకువెళ్లండి. స్టేషన్ లేని చోట ముల్లు నిలిపితే దూరాన మెరిసిన ప్రతి మెరుపుకూ టపటపమంటుంది. ఇంత చవకైన పిడుగుల యంత్రం మరొకటి లేదు. ఎఫ్ఎం‌లో మాత్రం ఇది పనిచేయదు.

నా ఫోన్‌లో పీడనం కొలిచే సెన్సర్ 985 చూపుతుంటే వాతావరణ యాప్ 1003 అంటోంది. సెన్సర్ పాడైందా? రోజూ మధ్యాహ్నం పీడనం పడిపోతోంది, వాన మాత్రం రాదు.
– సింగరేణి విశ్రాంత ఉద్యోగి, మంచిర్యాల

సెన్సర్ ఆరోగ్యంగా ఉంది. యాప్ సముద్రమట్టానికి సరిచేసిన అంకె చెబుతుంది, ఫోన్ ఉన్న చోటి అసలు పీడనం చెబుతుంది. పైకి వెళ్లేకొద్దీ పీడనం ఎనిమిది తొమ్మిది మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ (మీ అంకెల కొలమానం అదే) చొప్పున తగ్గుతుంది. మంచిర్యాల సుమారు 150 మీటర్ల ఎత్తు కాబట్టి మీ 18 తేడా చక్కగా సరిపోతుంది.

మధ్యాహ్నపు తగ్గుదల వానకు సంకేతం కాదు. మన వంటి ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పొద్దున, రాత్రి పది గంటల ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ దాకా ఉంటుంది. గాలివాన గుర్తు దీనికి తలకిందులు. చల్లగాలి తగిలిన నిమిషాల్లోనే పీడనం ఒకటి రెండు అంకెలు గబుక్కున పైకి లేస్తుంది. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌తో గ్రాఫ్ గీయించి చూడండి. గాలి తలుపులు కొట్టే క్షణమూ, గ్రాఫ్ మెట్టు ఎక్కే క్షణమూ ఒకటే కావడం చూస్తే సరదాగా ఉంటుంది. అయితే అప్పటికి గాలివాన వచ్చేసినట్టే, ముందస్తు హెచ్చరికగా దీనికి విలువ తక్కువ.

మేడ మీద సొంత వాతావరణ కేంద్రం పెట్టుకోవాలని ఉంది. ఏది కొనాలి?
– పాఠకుడు, కరీంనగర్

కంపెనీకన్నా పెట్టే చోటు ముఖ్యం. ఎండలో కాలిన స్లాబు మీద పెడితే థర్మామీటరు ఊరి వేడి కాదు, మీ స్లాబు వేడి చెబుతుంది. తెల్లని కవచం ఉన్నది కొని, వీలైతే మట్టి నేల మీద ఒకటిన్నర మీటరు ఎత్తున నిలపండి. చాలా పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, రౌటర్ చూసుకోండి. వర్షమాపకం గోడలకూ ట్యాంకుకూ దూరంగా ఉండాలి. పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు లెక్క రాసుకుంటే ప్రభుత్వ అంకెలతో పోల్చుకోవచ్చు. తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంఘానికి రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి, మీ మండలం అంకె కూడా దొరుకుతుంది. మండల కేంద్రం 2 మిల్లీమీటర్లు చూపిన రోజున మీ మేడ మీద 30 వస్తే, పరికరం చెడిందని తిప్పి పంపేముందు పక్కింటి వాళ్ల బకెట్‌లో ఎంత నిండిందో ఒకసారి అడగండి.