కార్ల డిజైనర్ గోర్డన్ మర్రే చేసిన టి.50 కారులో స్టీరింగ్ మధ్యలో ఎందుకుంది?

నడిపేవాడికి రెండు వైపులా ఒకేలా కనబడాలని, పెడల్స్ పక్కకు జరగకుండా కాళ్లకు సూటిగా అందాలని. ప్రయాణికులిద్దరూ కాస్త వెనగ్గా, అటొకరు ఇటొకరు కూర్చుంటారు. 1992 నాటి మెక్‌లారెన్ ఎఫ్1 కారులోనూ మర్రే ఇదే చేశాడు. ఎక్కడం మాత్రం చిన్న సర్కసే: పక్క సీటు దాటుకుని మధ్యలోకి జరగాలి.

అయితే సీటొక్కటే కాదు, అసలు గొప్ప బరువులో ఉంది. వెయ్యి కిలోల లోపే, అంటే ఇంచుమించు మన మారుతి స్విఫ్టంత! అందులో 3.9 లీటర్ల వీ12 (12 సిలిండర్ల) ఇంజిన్. ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో లేదు, అయినా నిమిషానికి 12,100 చుట్ల (ఆర్‌పీఎం) దాకా తిరుగుతుంది. ఆరు గేర్లూ చేత్తో వేసుకోవాల్సిందే. వెనక 400 మి.మీ. ఫ్యాను కారు అడుగున గాలిని లాగేస్తుంది కాబట్టి పెద్ద రెక్క లేకుండానే టైర్లు రోడ్డును పట్టుకుంటాయి.