పెరటి పూలమొక్కలు: ఎండను, రాత్రి వెలుగును చూసి ఎంచుకోండి

బరంపురంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నామని, పూజకూ జడకూ పనికివచ్చే పూలమొక్కలు ఏవి వేసుకోవాలని అడిగారు. ఇదే ఊళ్లో ఇరవై ఏళ్లుగా పూలు పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను. మొక్కలు కొనే ముందు మీ పెరట్లో ఏ మూల ఎంతసేపు ఎండ ఉంటుందో, రాత్రి దీపం వెలుగు ఎంతవరకు పడుతుందో గమనించండి.

రాత్రి వెలుగు సంగతి నాకు చామంతి వల్ల తెలిసింది. వీధిదీపం కింద ప్రహరీ వెంట నాటిన పిలకలు ఏపుగా పెరిగాయి గాని, కార్తికం దాటినా ఒక్క మొగ్గ వేయలేదు. అదే తల్లిమొక్క పిలకలు ఇంటి వెనుక చీకటి పడే చోట విరగబూశాయి. రాత్రులు పొడవైతేనే చామంతి మొగ్గ తొడుగుతుంది, దీపపు వెలుగు ఆ చీకటిని చెడగొడుతుంది.

రోజుకు ఆరు గంటలకు తగ్గకుండా ఎండ తగిలే చోటు మల్లెకే ఇవ్వండి. అది కొత్త చిగుళ్ల మీద పూస్తుంది కనుక, నవంబరు చివర నీళ్లు తగ్గించి, డిసెంబరులో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఆపైన పశువుల ఎరువు వేసి తడి పెడితే, మార్చి నుంచి ఎండాకాలమంతా పూలు దొరుకుతాయి. కత్తిరించడానికి మనసొప్పక వదిలేసిన ఏడాది మా పొద గుబురుగా పెరిగింది గాని పూలు గుప్పెడైనా రాలేదు.

కొంత నీడ ఉన్నచోట కనకాంబరం వేయండి. దానికి వాసన లేకపోయినా, మాల కట్టాక త్వరగా వాడదు. వానాకాలంలో నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్లుతుంది కాబట్టి మట్టి ఎత్తు చేసి నాటాలి. నిత్యపూజకు నందివర్ధనం, మందారం చాలు. మందారానికి పట్టే పిండినల్లిని నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి చల్లండి. ఇంట్లో పసిపిల్లలుంటే గన్నేరు వద్దు, అది ఆకు నుంచి వేరు దాకా విషమే.

తుపానులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ వద్ద ఫైలిన్ తీరం దాటినప్పుడు మా ఏపైన మందారాలన్నీ వేళ్లతో లేచిపోయాయి; అప్పటి నుంచి సెప్టెంబరులోనే పొడవాటి కొమ్మలను తగ్గిస్తున్నాను.

ఇక్కడి నర్సరీలలో ఒడియాలో అడగవలసి వస్తే బంతిని గెండు అని, నందివర్ధనాన్ని టగర అని అడగండి. మల్లెకు, మందారానికి వారి పేర్లు మన పేర్లకు దగ్గరగానే ఉంటాయి.