నాన్నగారి బుగ్గ వాపు: పంటి నొప్పే అనుకుని ఆగకండి

నాన్నగారికి షుగర్ 400 దాటింది, ఎడమ బుగ్గ వాచి తిమ్మిరెక్కింది, ముక్కులోంచి నల్లటి చెక్కులు వస్తున్నాయి అన్నారు. పంటి డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కోర్సు అయ్యేదాకా చూడొచ్చా అని మీ ప్రశ్న. చూడొద్దండి. ఈఎన్‌టీ విభాగం ఉన్న పెద్దాసుపత్రికి ఈ రాత్రే బయల్దేరండి.

పిప్పి పన్నుతోనూ బుగ్గ వాస్తుంది, కాదనను. కానీ తిమ్మిరి, నల్ల చెక్కు, అదుపు తప్పిన షుగర్ మూడూ కలిస్తే ముందు అనుమానించాల్సింది మ్యూకర్‌మైకోసిస్‌నే. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో మనవాళ్లని వణికించిన బ్లాక్ ఫంగస్ ఇదే. ఇది రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది; రక్తం అందక చచ్చిన కండే ఆ నలుపు. రక్తం పారని చోటికి మందూ చేరదు కదా, అందుకే ఇంజెక్షన్లతో పాటు ఆపరేషన్ చేసి ఆ కండ తీసేస్తారు. ఆ మాట వినగానే బెదిరిపోయి వాయిదా అడక్కండి.

ముక్కులో ఎండోస్కోపీ చేసి చిన్న ముక్క తీస్తారు. ఆ ముక్కని కేఓహెచ్ అనే రసాయనంతో కలిపి మైక్రోస్కోపులో చూసే పరీక్షలో ఫంగస్ గంటల్లోనే కనబడొచ్చు. కన్ను, మెదడు వైపు పాకిందేమో ఎమ్మారైలో తెలుస్తుంది. కీటోన్లు (షుగర్ అదుపు తప్పితే రక్తంలో పేరుకునే ఆమ్లాలు) కూడా చూడమనండి. ఫంగస్‌కి ఇచ్చే మందు లైపోసోమల్ యాంఫోటెరిసిన్. దానితో కిడ్నీల మీద భారం, పొటాషియం పడిపోతుంది, కాబట్టి తరచూ రక్తపరీక్షలు తప్పవు. వాపు తగ్గుతుందని మెడికల్ షాపులో స్టెరాయిడ్ మాత్రం కొనేయకండి.

మీది హైదరాబాదే అన్నారుగా, 2021లో ఈ కేసులకి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రినే నోడల్ (ప్రధాన) కేంద్రం చేశారు. పిల్లలకి అంటుకుంటుందన్న భయం వద్దు, ఇది మనిషి నుంచి మనిషికి రాదు. దారిలో కనురెప్ప వాలినా, ఒకటి రెండుగా కనిపిస్తోందన్నా డ్యూటీ డాక్టరుకి ముందు అదే చెప్పండి.